కన్ను పెట్టని నెమలి

ముప్ఫై ఒక్క ఏండ్లు కాపురం చేశాక లక్ష్మీనరసమ్మకు మొగుడి మీద మిగిలిన ఫిర్యాదు ఒక్కటే. శ్రీరంగప్ప తాగడు, తిట్టడు, పేకాట ఆడడు. కానీ "తప్పు నాది" అనే మాట ఆ మనిషి నోట్లోంచి మాటవరసకైనా వచ్చిన పాపాన పోలేదు. పెళ్ళైన కొత్తలో కదిరికని చెప్పి పెళ్ళాన్ని కళ్యాణదుర్గం బస్సు ఎక్కించాడు. దిగి చుట్టూ చూసి, "కదిరి శానా మారిపోయిందే" అన్నాడు. ఉప్మాలో ఉప్పుకు బదులు చక్కెర పోసిన రోజు, ఉప్పు డబ్బా పెట్టిన చోటు తప్పన్నాడు. గోడ గడియారం అరగంట వెనక నడుస్తుంటే ధర్మవరమే తొందరపడుతోందన్నాడు.

ఇందులో సగం తప్పు ఊరిదే. పట్టుచీర అంచులో నెమలిని దించాలంటే శ్రీరంగప్పే దించాలని అందరూ అనీ అనీ ఆయన్ను చెడగొట్టారు. నెమలి ఒళ్ళంతా డిజైను చిల్లులు పొడిచిన జాకార్డ్ అట్టలు చూసుకుంటాయి. కన్ను మాత్రం చేత్తో పెట్టాలి. చిన్న కండెకు ఎర్ర పట్టుపోగు చుట్టి, ఒక్కో నెమలికి ఒక్కో చుక్క. చీరకు నాలుగువందల పన్నెండు నెమళ్ళుంటే నాలుగువందల పన్నెండు చుక్కలు. ఒక్కటీ పక్కకు జరగదు. మగ్గం మీద ఆయన చెయ్యి తప్పు చెయ్యదన్నది నిజమే. చిక్కల్లా, మగ్గం గుంటలోంచి పైకి లేచాక కూడా ఆయన ఆ నిజాన్ని భుజాన వేసుకుని తిరగడం.

లక్ష్మీనరసమ్మ ఈ ఫిర్యాదును ఇరుగుపొరుగుకు, చెల్లెళ్ళకు, టీ అంగడివాళ్ళకు, కుందుర్పి దారిలో కనిపించిన ప్రతి బస్సు కండక్టరుకు చెప్పుకుంది. ఎవరికీ చెప్పుకోని సంగతి మాత్రం ఒకటుంది.

ఆమె గూఢచారి.

*

మే నెల, సోమవారం. కుందుర్పి దాటాక మూడు కిలోమీటర్ల దూరంలో ఒక ముళ్ళకంచె, దానికొక బోర్డు: "మెట్ట పంటల ప్రయోగ క్షేత్రం. విత్తనాలు అమ్మబడవు." గేటు దగ్గర కాపలావాడు ఆమెను ఎరగనట్టు చూశాడు.

"మోకాలి నొప్పికి ఆకుపసరు కట్టేది ఈడేనా?" అంది లక్ష్మీనరసమ్మ.

"ఏ మోకాలమ్మా?"

"కుడిది. ఎడమది బాగనే ఉండాది."

కోడ్ సరిపోయింది. గేటు తెరుచుకుంది. నిజానికి ఆమెకు రెండు మోకాళ్ళూ నొప్పే. కానీ సైన్యం ఒక్కదానికే అనుమతి ఇచ్చింది.

ఈ ప్రయోగ క్షేత్రం అసలు పేరు డ్రైలాండ్ గ్రూప్. ఏ కాగితంలోనూ కనిపించని స్పెషల్ ఆపరేషన్స్ యూనిట్. జవాన్లు మాత్రం కరువు కంపెనీ అని పిలుచుకుంటారు. పందొమ్మిదేండ్ల కిందట ఎక్కడో ఎడారిలో ఒక టీమ్ మొత్తం పోయింది. తూటా తగిలి కాదు, దాహంతో. ఆ తర్వాత ఢిల్లీలో ఎవరో తెలివైనవాడు అడిగాడట: నీళ్ళు లేని చోట బతకడం ఎవరికి తెలుసు? మ్యాపు మీద వేలు పెట్టి వెతికితే, ఆ వేలు అనంతపురం దగ్గర ఆగింది. కరువు కూడా ఒక అర్హత అవుతుందని ఈ జిల్లాకు మొదటిసారి అప్పుడే తెలిసింది.

ఇరవై ఒక్కమందితో మొదలైంది. పరీక్ష ఒక్కటే. నడి మే నెలలో, ఒక్క సీసా నీళ్ళతో, మూడు రోజులు రాళ్ళగుట్టల్లో నడిచి రావాలి. తిరిగొచ్చాక ఎవరు ముందొచ్చారని ఎవరూ చూడరు. సీసా చూస్తారు. అడుగున ఒక గుక్క నీళ్ళు మిగిలుండాలి. ఆ గుక్క తమది కాదు. తీసుకురావడానికి వెళ్ళిన మనిషిది. ఎందుకంటే ఆ యూనిట్ పని చంపడం కాదు, తీసుకురావడం. శత్రువు గుప్పిట్లో చిక్కినవాళ్ళను చప్పుడు లేకుండా ఇంటికి చేర్చడం. "పోయినోళ్ళంతా రావాల" అని గోడ మీద సున్నంతో రాసుంటుంది. మొదట్లో శెనక్కాయ సాగు గురించి సలహా అడగడానికి రైతులు వచ్చేవారు. గుట్టు బయటపడకుండా కమాండోలు పుస్తకాలు చదివి సలహాలు చెప్పేవారు. ఆ ఏడు చుట్టుపక్కల పంట బాగా పండిందని చెప్పుకుంటారు. సైన్యం దాన్ని కూడా రహస్యంగానే ఉంచింది.

లక్ష్మీనరసమ్మ ఒక్కగానొక్క కొడుకు శశికుమార్ ఈ యూనిట్లోనే ఉండేవాడు. మూడేండ్ల కిందట ట్రంకుపెట్టెతో పాటు శవపేటికలో ఇంటికొచ్చాడు. ట్రైనింగులో జీపు బోల్తా పడిందని చెప్పారు. పెట్టెలో అతని సీసా ఉంది. అడుగున ఒక గుక్క నీళ్ళున్నాయి. జీపు బోల్తా పడినా ఒలకని నీళ్ళేమిటని ఆ తల్లికి అనుమానం వచ్చింది. మూడు బస్సులు మారి కుందుర్పికి వచ్చి, కల్నల్ తిప్పేష్ ఎదురుగా కూర్చుని, నిజం చెప్పేదాకా లేవనంది. రెండు రోజులు లేవలేదు. మూడో రోజు కల్నల్ ఆమెకు నిజం చెప్పి, ఉద్యోగం కూడా ఇచ్చాడు. అంత ఓపికున్న మనిషిని శత్రువుకు వదిలేయడం మంచిది కాదనుకున్నాడు. కోడ్ నేమ్: కండె.

కల్నల్ తిప్పేష్ రాయదుర్గం మనిషి. మీసం ఎంత గట్టిదో గొంతు అంత మెత్తన.

"కూర్చో నరసక్కా. టైమ్ లేదు. బ్రీఫింగ్."

గదిలో ఇంకో మనిషి కూడా ఉంది. కిటికీ దగ్గర, నల్లకళ్ళద్దాలతో, పాల మీగడ రంగు షిఫాన్ చీరలో, కుందుర్పిలోకి దారి తప్పి వచ్చిన సినిమా పోస్టరులా నిలబడింది. పద్మప్రియ. బెంగళూరులో పట్టుచీరల బొటీక్ ఆమెది. శత్రువుల ముఠా ఆమెను తమ ఏజెంటు అనుకుంటుంది. యూనిట్ తమ ఏజెంటు అనుకుంటుంది. ఎవరు పొరబడుతున్నారన్నదే మూడేండ్లుగా తేలలేదు.

కల్నల్ గోడ మీద మ్యాపు దించాడు. "ఎడారి దేశం. సేట్ బంగళా. ముఠా మొత్తానికి ఆ సేటే తలకాయ. మన యూనిట్లో ప్రతి ఒక్కని పేరు, ఊరు, పెండ్లాంబిడ్డల పేర్లు ఉన్న లిస్టు వాని చేతికి చిక్కింది. శుక్రవారం దాన్ని వేలం వేస్తాడు. బంగళాలో ఇస్త్రీ పని చేసే కృపాకుమారి మన మనిషి. నల్లమాడ పిల్ల. లిస్టు యాడుందో కనుక్కొనింది. ఆ పిల్లను, లిస్టును తెచ్చేదానికి మనోళ్ళు తొమ్మిదిమంది నిన్న బయల్దేరినారు. ఇంక వాళ్ళతో మాట్లాడేదానికి లేదు. రేడియో బంద్."

బంగళాకు రెండు గేట్లు. ఒకటి వెనక గేటు, రెండోది నీళ్ళ ట్యాంకర్ వచ్చే గేటు. కృపాకుమారి ఏదో ఒక్కటే తెరవగలదు. రెండూ తెరిస్తే అలారం. ఏది తెరవాలో ఆమెకు చెప్పే దారి కూడా ఒక్కటే. సేట్ పెళ్ళాం బెంగళూరులో పెరిగిన మనిషి, ధర్మవరం పట్టు తప్ప కట్టదు. పద్మప్రియ చీర తీసుకెళ్తుంది. కృపాకుమారి దాన్ని ఇస్త్రీ చేస్తుంది. కొంగు మూలన మొదటి నెమలికి కన్నుంటే వెనక గేటు. కన్ను లేకపోతే ట్యాంకర్ గేటు. ఫోన్లు వినేవాళ్ళున్నారు, ఉత్తరాలు చింపేవాళ్ళున్నారు. ఇస్త్రీ బల్ల మీది చీరను చదివేవాళ్ళు మాత్రం ఇంకా పుట్టలేదు.

"మూడేండ్ల కింద శశివాళ్ళు పోయినప్పుడు కూడా ఇదే పద్ధతి" అన్నాడు కల్నల్, ఆమె వైపు చూడకుండా. "వెనక గేటు కాడ ముఠా తుపాకులు పెట్టిందని కడాకు తెలిసింది. కన్ను లేని నెమలితో నేతకు డిజైను గ్రాఫ్ పంపినాం. ఆడికి చేరిన చీరలో కన్ను ఉండాది. కృప వెనక గేటు తీసింది. మనోళ్ళు ట్యాంకర్ గేటు ముందర నిలబడినారు. తెల్లారింది. గేటు తెరుచుకోలేదు."

తర్వాతిది ఆమెకు తెలుసు. ఐదుగురిలో నలుగురు తప్పించుకోవాలంటే ఒకడు ఆగాలి. ఆగినవాడిని ఆ నలుగురూ భుజాల మీద మోసుకొచ్చారు. పోయినోళ్ళంతా వచ్చారు. గోడ మీది సున్నం మాట తప్పలేదు.

"చీరను మోసుకుపోయింది నేనే కాబట్టి కన్ను నేనే కుట్టానన్నారు" అంది పద్మప్రియ. అద్దాలు తీసింది. లోపల కళ్ళు పోస్టరులోవి కావు. "ఆ చీరే ఇది. పాలిష్ చేయించమని సేట్ భార్య నా దగ్గరికి పంపింది. మీరే చూడండమ్మా."

"నువ్వు నేతింటి ఆడదానివి అక్కా" అన్నాడు కల్నల్. "ఆ కన్ను సూదితో కుట్టిందా, మగ్గం మీద పెట్టిందా? సూదైతే ఈమె ద్రోహి. ఈమె ఈసారి కూడా చీర తీసుకుపోతే తొమ్మిదిమంది పోతారు."

లక్ష్మీనరసమ్మ కొంగు మూలను తిరగేసింది. ముఠా వ్యవహారాలు చూడటానికి యూనిట్ ఆమెకు కెమెరా ఉన్న కళ్ళద్దాలు ఇచ్చింది. వాటిని తీసి పక్కన పెట్టింది. ఇది చూడటానికి అవి అక్కర్లేదు.

ఎర్రపోగు సూది దారిలో రాలేదు. అడ్డంగా నడిచే పేకతో కలిసి నడిచింది. చివర రెండు జరీపోగుల కింద దూరి దాక్కుంది. అలా దాచే చెయ్యి ధర్మవరంలో ఒక్కటే ఉంది.

ఆ రోజు గుర్తొచ్చింది. పన్నెండు గంటల ఎండ. రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి. శ్రీరంగప్ప చేతులు కడుక్కుని కూర్చుంటూ, "ఈ బెంగుళూరోళ్ళు ఒక నెమలికి కన్ను వేసేది మర్చిపోయినారే. నేను పెట్టేసినా. లేకుంటే ఆయమ్మ గుడ్డి నెమలిని కట్టుకోని తిరుగుతాండె" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. మెచ్చుకోలుగా ఇంకో ముద్ద సంగటి వేసింది.

గదిలో ఫ్యాను తిరుగుతోంది. ఒక్క అబద్ధం చాలు. "సూదే" అంటే నేరం పద్మప్రియ మీదికి పోతుంది, మగ్గం మీద మళ్ళీ కన్ను పడుతుంది. ఆ అబద్ధానికి ఖరీదు తొమ్మిదిమంది. వాళ్ళకూ ఎక్కడో సంగటి ముద్దలు వేసే తల్లులుంటారు.

"మగ్గం మీద పెట్టిందే సార్" అంది. "మా ఇంట్లోనే."

పద్మప్రియ గోడవైపు తిరిగి నిలబడింది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

"ఆ మగ్గం ఎన్నుకున్నది శశినే అక్కా" అన్నాడు కల్నల్ కడకు. "ఎవరి చేత నేయిద్దామంటే, 'మా నాయన ఉండాడు సార్, ఆయన తప్పు నెయ్యడు' అన్నాడు."

లక్ష్మీనరసమ్మ చీరను మడిచింది. మడత మీద మడత, అంచు మీద అంచు.

"ఆయనకు చెప్పొద్దు సార్. ఆ మనిషి బతికేదే ఆ చేతుల మీద."

"నేను చెప్పను. కానీ ఈ చీర కూడా ఆయన మగ్గం మీదే ఉండాది. ఒక్క కొంగు మూల మిగిలింది. బుధవారం మధ్యాహ్నం చీర కోసం సేట్ మనిషి ఒకడు బయ్యర్ పేరుతో వస్తాడు. ఆ నెమలికి కన్ను పడకుండా చూసేది నీ పని. ఎట్ల చూస్తావో నీ ఇష్టం. ఇది ఆర్డర్."

ఆమె గూఢచారి జీవితంలో ఇంత చిన్న మిషన్ ఎప్పుడూ రాలేదు. మొగుడి చేత ఒక తప్పు చేయించాలి.

*

మంగళవారం పొద్దున శ్రీరంగప్ప మగ్గం గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని గ్రాఫ్ కాగితం చూస్తున్నాడు.

"మళ్ళా మర్చిపోయినారు చూడు నరసమ్మా. ఈ చదువుకున్నోళ్ళకు నెమలి కన్ను మీద ఏం పగనో."

"ఈసారి పెట్టొద్దులేయ్యా."

"ఏం, నెమలికి కండ్లకలకా?"

"గ్రాఫ్‌లో ఎట్లుంటే అట్ల నెయ్యి. ఒక్కసారికి."

"ముప్ఫై ఒక్క ఏండ్లు సంసారం చేసినావు, నా మగ్గం మీంచి గుడ్డి పక్షిని దించమంటావే? నలుగురు చూస్తే ఏమంటారు?"

"ఎవరూ చూడరు."

"నేను చూస్తా గదా."

ఆమె నేర్చుకున్న ట్రైనింగ్ అంతా తలలో తిప్పి చూసింది. మాట మార్చడం, బెదిరించడం, ఏడవడం. ఏడవడం తప్ప మిగతావన్నీ ఈ ఇంట్లో ముప్ఫై ఏండ్లుగా ఓడిపోయినవే. చివరికి ట్రైనింగులో లేనిది చేసింది. గుంట పక్కన నేల మీద కూర్చుని నిజం చెప్పింది, సగం.

"ఇది శశివాళ్ళ కంపెనీ పనయ్యా. ఆ కన్ను లేకపోవడమే గుర్తు. దాన్ని చూసి ఒక గేటు తెరుస్తారు. తొమ్మిదిమంది పిల్లోళ్ళు బతికి రావల్ల. నేను మూడేండ్లుగా వాళ్ళకు పని చేస్తాండా. మోకాలి పసరు అంతా అబద్ధం."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు. మగ్గం చప్పుడు ఆగితే ఆ ఇల్లు ఎంత పెద్దదో అప్పుడే తెలిసింది.

"మూడేండ్ల కింద ఒక గ్రాఫ్ వచ్చింది" అన్నాడు.

"ఊ."

"దాంట్లో కూడా ఇదే నెమలి. ఇదే మూల."

"అది అచ్చు తప్పు" అంది లక్ష్మీనరసమ్మ. రెప్ప వాల్చలేదు. యూనిట్లో అబద్ధం పరీక్షించే యంత్రం కూడా ఆమెను పట్టుకోలేదు. "దానికీ దీనికీ సంబంధం లేదు. శశిది జీపు ప్రమాదమే."

శ్రీరంగప్ప ఆమె ముఖంలోకి చూశాడు. యంత్రానికి ఆమెతో ముప్ఫై ఒక్క ఏండ్ల కాపురం లేదు.

"సరే" అన్నాడు.

ఆయన నోట "సరే" అన్న మాట అంత తొందరగా రావడం కూడా మొదటిసారే. పోగును మోసే నాడె మళ్ళీ కదిలింది. నెమలి కాళ్ళు దిగాయి, పొట్ట దిగింది, మెడ వచ్చింది. తల దగ్గరికి వచ్చేసరికి ఆయన కుడిచెయ్యి దానంతటది ఎర్ర కండె వైపు పోయింది. మధ్యలో ఆపుకున్నాడు. మళ్ళీ పోయింది. కండె తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది నీ కాడ పెట్టుకో. చెయ్యి నా మాట వినడం లేదు."

ఆమె దాన్ని నడుం దగ్గర చీర కుచ్చిళ్ళలో దోపుకుంది.

*

బుధవారం రెండు గంటలకు నల్లకారు వచ్చింది. పద్మప్రియ దిగింది, ఆమె వెనక బయ్యర్. మే నెలలో ధర్మవరంలో కోటు వేసుకున్నవాడు పెళ్ళికొడుకైనా కావాలి, కోటు కింద పిస్తోలైనా ఉండాలి. ఈయన ముఖంలో పెళ్ళికళ లేదు.

ఎదురింట్లో ఇద్దరు జవాన్లు పదకొండు రోజులుగా బోరు మోటారు రిపేరు చేస్తున్నారు. పదకొండు రోజులైనా కాకపోవడంతో ఎవరికీ అనుమానం రాలేదు. లక్ష్మీనరసమ్మ పొయ్యి మీద కుక్కరుంది. దాని విజిల్లో యూనిట్ ట్రాన్స్‌మిటర్ బిగించింది. మూడు కూతలు కూస్తే ఆ ఇద్దరూ తుపాకులతో దూకుతారు. ఆ విజిల్ బిగించిన రోజునుంచీ పప్పు మాత్రం ఉడకడం లేదు.

బయ్యర్ చీర పరిచి, లోపాలు పట్టే ఫోను కెమెరాను అంచు మీద నడిపించాడు. ఒక్కో నెమలికి ఫోన్ కిచ్‌మంది. నాలుగువందల పదకొండు సార్లు. కొంగు మూలకు వచ్చేసరికి కిచ్‌మనలేదు. తెర మీద ఎర్రగుర్తు పడింది.

ఆయన ఇంగ్లీషులో ఏదో అన్నాడు. పద్మప్రియ తెలుగులో చెప్పింది. ఆమె గొంతు మామూలుగానే ఉంది.

"ఈ నెమలికి కన్నెందుకు లేదని అడుగుతున్నారు. పొద్దున ఊళ్ళో విచారించారట. టీ అంగడి దగ్గర, బస్టాండులో అందరూ ఒకే మాట చెప్పారట. శ్రీరంగప్ప తప్పు నెయ్యడు, నేసినా ఒప్పుకోడు అని. అలాంటప్పుడు ఇది కావాలనే వదిలారా అంటున్నారు. కావాలనే అయితే, ఎవరు వదలమన్నారు అని."

టీ అంగడికి, బస్టాండుకు ఆ మాట చెప్పింది ఎవరో లక్ష్మీనరసమ్మకు తెలుసు. ముప్ఫై ఏండ్లుగా చెప్పిన తన ఫిర్యాదు కోటు వేసుకుని తన ఇంటికే వచ్చింది.

చెయ్యి పొయ్యి మీదికి పోయింది. మంట పెంచితే మూడు కూతలు. బయ్యర్ దొరుకుతాడు. కానీ చీర ఇక్కడే ఉండిపోతుంది, తొమ్మిదిమంది మూసిన గేటు ముందు నిలబడతారు, తెల్లారుతుంది. పెంచకపోతే... బయ్యర్ కుడిచెయ్యి కోటు లోపలికి జారుతోంది.

కుక్కరు ఒక కూత కూసింది.

శ్రీరంగప్ప గుంటలోంచి లేచాడు. లేవడానికి చాలాసేపు పట్టింది. వచ్చి చీర దగ్గర నిలబడి ఆ నెమలిని చూశాడు.

"తప్పు" అన్నాడు.

ఆ మాట ఆయన గొంతుకు అలవాటు లేదు. సగంలో తట్టుకుంది. మళ్ళీ అన్నాడు.

"తప్పు నాది. కండ్లు సరిగ్గ ఆనడం లేదు. కన్ను పెట్టేది మర్చిపోయినా."

నేల మీద కూలబడి, మగ్గం కొయ్యకు తల ఆనించి ఏడ్చాడు. చప్పుడు లేకుండా మొదలై, తర్వాత చప్పుడుతో. కొడుకు పెట్టెను ఇంటి ముందు దించిన రోజు కూడా ఆయన అలా ఏడవలేదు. ఆ రోజు జీపు డ్రైవరును తిట్టాడు, రోడ్డును తిట్టాడు, అంతే.

బయ్యర్ ఎందరో అబద్ధాలాడేవాళ్ళను చూసినవాడు. ఈ ఏడుపులో అబద్ధం దొరకలేదు. కోటులోంచి చెయ్యి బయటికి తీశాడు. తర్వాత అందరూ భయపడిన మాటే అన్నాడు.

"అయితే ఇప్పుడే ఆ కన్ను పెట్టమంటున్నారు" అంది పద్మప్రియ.

శ్రీరంగప్ప తల ఎత్తాడు. ముఖమంతా తడి. అందులోంచి పాత శ్రీరంగప్ప లేచి నిలబడ్డాడు.

"మగ్గం దిగిన చీర మీద నేను సూది పెట్టను. అది గాయానికి కుట్టు వేసినట్టుంటాది. తప్పు ఒప్పుకుంటా. అతుకు మాత్రం వెయ్యను. ఇష్టముంటే తీసుకుపొమ్మను, లేకుంటే ఆడ పెట్టి పొమ్మను."

పద్మప్రియ గడియారం చూసింది. విమానం ఆరింటికి. సేట్ భార్య రేపు కట్టాల్సిన చీర. బయ్యర్ ఒక నిమిషం ఆలోచించాడు. ఇంత మొండివాడు గూఢచారి కాలేడని తేల్చుకుని చీర మడిచాడు. తనకు తెలియకుండా ఆయన సగం నిజమే తేల్చాడు. గూఢచారి పొయ్యి దగ్గర నిలబడి ఉంది.

కారు వెళ్ళిపోయింది. కుక్కరు రెండో కూత కూయకముందే లక్ష్మీనరసమ్మ మంట ఆర్పేసింది. మొగుడి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. ఈ నెమలి తప్పు కాదని ఆయనకు తెలుసు. మరి ఆ కన్నీళ్ళు ఏ నెమలివో ఆమెకు తెలుసు.

గురువారమంతా మగ్గం ఖాళీగా ఉంది. సాయంత్రం ఆయన గూట్లోంచి శశి సీసా తీసి, వెలుగుకు పట్టుకుని, అడుగున ఉన్న గుక్క నీళ్ళు చూసి, ఒలకకుండా మళ్ళీ అక్కడే పెట్టాడు.

*

శుక్రవారం పొద్దున తొమ్మిదిన్నరకు ఫోన్ మోగింది. ధర్మవరంలో తొమ్మిదిన్నర. శ్రీరంగప్ప గడియారంలో తొమ్మిది.

"నరసక్కా" అన్నాడు కల్నల్ తిప్పేష్. స్పీకర్ పెట్టింది. "తొమ్మిది విత్తనాలు వేసినాం. పది మొలిచినాయి."

ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ట్యాంకర్ గేటు తెరుచుకుంది. తెల్లవారుజామున వేలం మొదలవడానికి నాలుగు నిమిషాల ముందు లిస్టుతో సహా కృపాకుమారి గేటు దాటింది. సేట్ చేతిలో ఖాళీ పెట్టె, చుట్టూ దుడ్లు పట్టుకుని కూర్చున్న బేరగాళ్ళు మిగిలారు. చీర చేర్చి తిరిగొస్తూ ఎయిర్‌పోర్టులో కోటు విప్పమంటే విప్పని బయ్యర్‌ను కోటుతో సహా పట్టుకున్నారు.

"కృప ఏమంటాంది సార్? బావుందా?"

"మనోళ్ళు సీసాలో గుక్క ఇస్తే తాగడం లేదక్కా. ఇంకో లైన్లో ఒకటే ఏడుస్తాంది. మూడేండ్ల కింద నెమలిని తనే సరిగ్గా చూడలేదంట. లేని కన్ను ఉన్నట్టు కనపడిందేమో అంటాంది. శశిని చంపింది నేనే అంటాంది. నేను ఎట్ల చెప్పేది? నీకు మాటిచ్చినా గదా."

లక్ష్మీనరసమ్మ నోరు తెరిచేలోపు ఒక చెయ్యి ముందుకు వచ్చింది. నెమళ్ళ కళ్ళు పెట్టే చెయ్యి. ఫోన్ ఇమ్మన్నట్టు చాపింది.

"వద్దయ్యా" అంది ఆమె.

ఆయన తీసుకున్నాడు.

"ఆ పిల్లను ఈ లైన్లోకి కలుపు సార్... అమ్మా, నేను శశి నాయన్ని మాట్లాడేది. నువ్వు చూసింది నిజమే తల్లీ. కన్ను ఉండె. గ్రాఫ్‌లో లేదు, నేను పెట్టినా. నన్నెవరూ పెట్టమనలేదు. వాళ్ళు మర్చిపోయినారు, నేను దిద్దినా అనుకున్నా. దిద్ది లేచి సంగటి తిన్నా. నువ్వు చూసినట్టే చూసినావు, నీ కండ్లకేం కాలేదు. బెంగుళూరమ్మ తప్పు కాదు, సార్ తప్పు కాదు. నువ్వు ఆ నీళ్ళు తాగమ్మా. నా కొడుకు కూడా ఎవరికో ఒకరికి ఇచ్చేదానికే మిగిలించినాడు."

అటువైపునుంచి సీసా మూత తిప్పిన చప్పుడు వినిపించింది.

ఫోన్ పెట్టేశాక లక్ష్మీనరసమ్మ ఆయన ఎదురుగా కూర్చుంది. ముప్ఫై ఒక్క ఏండ్లుగా ఏ మాట కోసం కాచుకుందో ఆ మాట వస్తుంటే, రెండు చేతులా అడ్డం పెట్టింది.

"అది తప్పెట్లవుతాదయ్యా? నెమలికి కన్ను పెట్టడం తప్పా? నీకు ఎవరైనా చెప్పినారా? చెప్పకపోవడం వాళ్ళ తప్పు. నవ్వి ఇంకో ముద్ద పెట్టింది నేను, నాది తప్పు. ఎండ తప్పు, కాగితం తప్పు. ఎవరిదైనా అను. నీది కాదు."

నడుం దగ్గర దోపుకున్న ఎర్ర కండె తీసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని చూస్తూ తల అడ్డంగా ఊపాడు.

"లేదు నరసమ్మా. తప్పు నాదే."

ఆమె మధ్యాహ్నందాకా వాదించింది. ఎప్పటిలాగే ఆయనే గెలిచాడు.